మూడున్నర క్లాసు

రెండేళ్లు తత్వశాస్త్రం చదివి, ఆ సబ్జెక్టులో ఒక్క క్లాసు కూడా వినని మనిషిని నేను. గొప్పకి చెప్పడం లేదు. జరిగింది అలాగే.

బందరులో యూనివర్సిటీ వాళ్లు సాహిత్యాన్నీ తత్వశాస్త్రాన్నీ కలిపి ఒక ఎం.ఏ. నడిపేవారు. పొద్దున్న పదింటికి సాహిత్యం. మధ్యలో రెండు చిన్న పేపర్లు. ఆఖరి గంట, మూడున్నరకి, తత్వశాస్త్రం. మా గుడివాడ వెళ్లే పాసింజరు నాలుగింటికి. స్టేషనుకి ఆటోలో పావుగంట. ఆ బండి తప్పితే తర్వాతది ఏడు దాటాకే. ఆ రెండో బండి పేరెత్తితే చాలు, మా అమ్మ చదువు మానిపిస్తానని బెదిరించేది. అందుకని రోజూ మూడున్నరకి సార్ చాక్‌పీసు పట్టుకుని గుమ్మంలోకి వస్తుంటే నేను సంచి భుజాన వేసుకుని ఎదురయ్యేదాన్ని. ఆయన సన్నగా, ఎప్పుడూ ఏదో మర్చిపోయి వెతుక్కుంటున్నట్టు ఉండేవారు. పక్కకి జరిగి నాకు దారి ఇచ్చేవారు. "వెళ్లొస్తానండీ" అనేదాన్ని. "మంచిదమ్మా" అనేవారు. రెండేళ్లూ మా గురుశిష్య సంబంధం ఇంతే.

ఆ కోర్సులో ఎందుకు చేరావంటే చెప్పడానికి నా దగ్గర పెద్ద కథేమీ లేదు. బీఈడీలో సీటు రాలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే సంబంధాలు చూడ్డం మొదలెడతారు. దీనికి అప్లికేషన్లు తక్కువ, సీటు ఖాయం. పొద్దుటి రైల్లో పెడన దగ్గర ఒకావిడ అద్దకం బట్టల మూటతో ఎక్కి నా పక్కన సర్దుకుని కూర్చునేది. ఏం చదువుతున్నారని అడిగితే సాహిత్యమూ తత్వశాస్త్రమూ అని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఒకటి సరిపోదాండీ?" అంది. వెటకారంగా కాదు. నిజంగానే అడిగింది. నాకూ అప్పటికి అదే అనుమానం.

చేరాక కూడా ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదు. సాహిత్యం చెప్పే మేడమ్ ఒకరోజు కరుణ రసం చెబుతూ మధ్యలో గొంతు పూడుకుపోయి కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. పక్కనున్న అమ్మాయి చున్నీతో కళ్లు తుడుచుకుంది. నేను 'కరుణ రసానికి స్థాయీభావం శోకం' అని రాసుకుని కింద స్కేలుతో గీత గీశాను. నా మీద నాకు కోపం కూడా రాలేదు. ఒక్కోసారి అనిపించేది, వీళ్లందరికీ తెలిసిన ఏదో సంగతి నాకు చెప్పడం మర్చిపోయారని. అది కూడా బాధగా కాదు, ఊరికే అనిపించేది.

క్లాసులో ఆరుగురం. అందులో ఒకమ్మాయి దివిసీమ నుంచి వచ్చేది. నాగాయలంక దాటి ఇంకా లోపలికి వెళ్లాలి, సముద్రం ఒడ్డున ఊరు. వాళ్ల అన్న వేటకి వెళ్తాడు, వాళ్లమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఊళ్లో ఆటో ఎక్కి, నాగాయలంకలో ఒక బస్సు, అవనిగడ్డలో ఇంకో బస్సు మారి తను వచ్చేసరికి పదకొండున్నర. పొద్దుటి సాహిత్యం క్లాసు ఆమెకి ఎప్పుడూ అందదు. తిరుగు బస్సు ఐదున్నరకి కాబట్టి ఆఖరి గంట మాత్రం మొత్తం అందుతుంది. నాకు అందేది ఆమెకి అందదు, ఆమెకి అందేది నాకు అందదు. చేరిన రెండో వారంలో మధ్యాహ్నం అన్నం తింటుంటే తనే ఎత్తింది ఆ మాట.

"ఒసే, పొద్దున మేడమ్ చెప్పింది నువ్వు రాయి. సాయంత్రం సార్ చెప్పింది నేను రాస్తా. మార్చుకుందాం."

"మరి హాజరు?" అన్నాను.

"నీ సంతకం కూడా నేనే పెడతాలే. సార్ ఆ కాయితం వంక చూడరు, మన వంకా చూడరు. కిటికీ వంక చూసి మాట్లాడతారు."

ఒకసారి నా సంతకం చేసి చూపించమన్నాను. నాకన్నా బాగా చేసింది.

మా నాన్నది గుడివాడ బస్టాండు దగ్గర జిరాక్సు షాపు. మా ఇంట్లో చదువంటే కాపీ తియ్యడమే. పరీక్షల ముందు ఊళ్లో పిల్లలందరి నోట్సులూ మా మిషన్లోంచి వెళ్లి రావాల్సిందే. శుక్రవారం తను తత్వశాస్త్రం నోట్సు నాకిచ్చేది, శని ఆదివారాల్లో నాన్న కాపీ తీసి పెట్టేవాడు, సోమవారం తన నోట్సు తిరిగిచ్చేదాన్ని. దాంతోపాటు నా సాహిత్యం నోట్సు కాపీ ఒకటి. అవి చదివి తను నవ్వేది. "మేడమ్ చెప్పింది తప్ప ఒక్క ముక్క ఎక్కువ లేదే ఇందులో. ఆవిడ దగ్గితే అది కూడా రాసేట్టున్నావు" అనేది. అదేదో మెచ్చుకోలనుకుని నేను ఊరుకునేదాన్ని.

తన నోట్సులో మాత్రం ఒక చిక్కు ఉండేది. కొన్ని వాక్యాలు పెన్నుతో ఉండేవి, కొన్ని పెన్సిల్‌తో. పెన్సిల్‌వి కాపీలో సరిగ్గా పడేవి కావు. పెన్ను ఏ బస్సులోనో పోగొట్టుకుంటుంది కాబోలు, ఉన్నదాంతో రాస్తోంది అనుకున్నాను. ఆమెని అడగనైనా అడగలేదు. నాన్నతో మాత్రం, "పెన్సిల్ రాతలు రావట్లేదు, కాస్త ముదురు పెట్టి తియ్యి" అన్నాను. ఆయన మిషన్ మీద రెండు మీటలు నొక్కాడు. అప్పట్నుంచి పెన్నేదో పెన్సిలేదో తెలియకుండా అంతా ఒకే నలుపు. కాయితాన్ని వెలుగుకి పట్టి చూసుకుని, "చూశావా, అసలుదాని కన్నా బాగుంది" అని మురిసిపోయాడు. ఆయనకి పనిలో ఉన్న శ్రద్ధ నాకు చదువులో లేదు.

ఆ కాయితాలు నేను రైల్లో చదివేదాన్ని. ఆ రెండేళ్లలో నాకు కాస్తయినా ఏదైనా అనిపించిందంటే అవి చదువుతున్నప్పుడే. ఒకచోట ఇలా ఉండేది: 'నేల మీద కుండ లేదని మనకి ఎలా తెలుస్తుంది? లేనిదాన్ని కన్ను చూడలేదు కదా. వల ఖాళీగా వస్తే ఆ సంగతి ముందు చేతికి తెలుస్తుంది, బరువు ఉండదు. కన్ను తర్వాత చూసి ఒప్పుకుంటుంది.' ఇంకోచోట: 'దుఃఖం పద్యంలో ఉంటుందా, రాసినవాడిలోనా, చదివినవాడిలోనా? పడవలో ఉన్నవాడికి అల కనపడదు, చేతిలో తాడు కనపడుతుంది. అల ఎంతెత్తు లేచిందో చెప్పేది ఒడ్డున నిలబడినవాడు. దుఃఖాన్ని బాగా చెప్పినవాడు అప్పటికి ఒడ్డుకి వచ్చేశాడు. ఇంకా లోపలే ఉన్నవాడికి తాడుతోనే సరిపోతుంది.'

ఈ వాక్యం చదివిన రోజు కౌతవరం స్టేషను ఎప్పుడు దాటిందో నాకు తెలియలేదు. నాకేమీ అనిపించకపోవడానికి ఎవరో మొదటిసారి ఒక మర్యాదైన కారణం చెప్పినట్టనిపించింది. నా చేతిలో ఏ తాడుందో తెలియదుగానీ, ఉందని నమ్మడం బాగుంది. గుమ్మంలో పక్కకి జరిగే ఆ పెద్దాయన లోపల ఇంత ఉందా అనుకున్నాను. సార్‌ది కంకిపాడు వైపు ఊరు. చుట్టూ వరి, చెరుకు. ఆయన జన్మలో వల లాగి ఉండరు. ఆ ముక్క నాకు తట్టలేదు. కాపీ తీసేవాళ్లకి ఇలాంటివి తట్టవు.

మూడో సెమిస్టరు పరీక్షలయ్యాక తను ఫోన్ చేసింది.

"అమ్మ జారిపడిందే. తుంటి ఎముక విరిగింది. మంచం దిగటానికే చాలా నెలలు పట్టిద్దంట. చేపల పని చూసేవాళ్లు లేరు. నేనిక రాలేను."

"మరి ప్రాజెక్టు? పరీక్షలు?" అన్నాను.

"తర్వాత రాసుకుంటాలే."

"సరే" అన్నాను. ఇంకేదో అనాలని తెలుసు. ఫోన్ పెట్టేశాక కూడా అది ఏమిటో తెలియలేదు. బస్సెక్కి వెళ్లి చూసి రావచ్చు కదా అని అమ్మ అంది. వెళ్తాలే అన్నాను, వెళ్లలేదు. క్లాసులో ఐదుగురం మిగిలాం. నా హాజరు సంతకం పెట్టేవాళ్లు లేరని, అది తప్ప నాకు తేడా తెలియలేదు.

చివరి సెమిస్టరులో క్లాసులు తక్కువ. ఒక పెద్ద వ్యాసం రాసి, వైవాలో దాని మీద అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పాలి. నేను కరుణ రసం తీసుకున్నాను. అందులో మేడమ్ చెప్పిన సాహిత్యం సగం, సార్ చెప్పిన తత్వశాస్త్రం సగం. కోర్సు పెట్టింది అందుకే కదా. మేడమ్ సగాన్ని నా నోట్సులోంచి దింపాను. సార్ సగాన్ని నలుపు కాయితాల్లోంచి దింపాను. అల, తాడు, ఖాళీ వల, అన్నీ వచ్చాయి. ఆయన మాటలు ఆయనకే అప్పజెబితే సంతోషిస్తారనుకున్నాను. అందరూ చేసేది అదే.

వైవాకి వేరే ఊరి నుంచి ఒక ప్రొఫెసర్ గారు వచ్చారు, పక్కన మా సార్. ప్రొఫెసర్ గారు పడవ గురించి రాసిన పేజీ తెరిచి ముందు ఉంచుకున్నారు.

"ఈ మాట ఎక్కడిదమ్మా? కింద ఎవరి పేరూ ఇవ్వలేదు."

"క్లాసులో సార్ చెప్పారండీ" అన్నాను.

మా సార్ ఆ పేజీ తన వైపు లాక్కుని చదివారు. మళ్లీ చదివారు. "నేను చెప్పలేదమ్మా" అన్నారు. "దుఃఖం ఎవరిలో ఉంటుంది అన్న ప్రశ్న వేశాను. వేసి వదిలేశాను. నాకు జవాబు తెలియదు. ఇది నాది కాదు."

ఆ మాట ఆయన నోట్లో ఉండగానే నాకు మొత్తం తెలిసిపోయింది. పెన్ను ఆయనది, పెన్సిల్ తనది. రెండూ కలిపి ముదురు పెట్టి తీయించింది నేను.

"అయితే మీ సొంత ఆలోచనా?" అన్నారు ప్రొఫెసర్ గారు. ఆయన మొహంలో మెప్పు కనపడుతోంది.

"అవునండీ" అన్నాను.

ఎందుకన్నానని నన్ను నేనే చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఆశపడి అన్నానంటే కనీసం ఒక కారణమైనా ఉండేది. అదీ లేదు. అడిగారు, అవునంటే ప్రశ్న అయిపోతుంది, అన్నాను. మా సార్ నా వైపు చూశారు. నేను ఆయన క్లాసులో ఒక్కరోజూ కూర్చోలేదని ఆయన కన్నా బాగా ఎవరికి తెలుసు? గుమ్మంలో పక్కకి జరిగినట్టే, ఏమీ అనకుండా కాయితం మీదకి వంగారు. నూటికి తొంభై ఒకటి వచ్చింది. మా బ్యాచిలో అదే పెద్ద మార్కు.

ఫలితాలు వచ్చాక తను ఫోన్ చేసింది. వెనకాల కాకులు అరుస్తున్నాయి.

"వైవాలో ఏం అడిగారే?"

"ఏవో మామూలువే" అన్నాను.

"సార్ నా గురించేమన్నా అడిగారా?"

"లేదు."

నిజంగానే అడగలేదు. ఆ ఒక్క మాట నిజం చెప్పినందుకు కాస్త ఊరటపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఊరటే ఎక్కువ రోతగా ఉంటుంది.

ఆ మార్కుల మీదే గుడివాడలో ఒక కాలేజీలో గెస్టు లెక్చరరుగా తీసుకున్నారు. నాలుగేళ్లయింది. ఏటా ఆ నలుపు కాయితాలే పట్టుకెళ్లి చెబుతాను. పిల్లలు రాసుకుంటారు. కొందరు మా నాన్న షాపులోనే వాటిని మళ్లీ కాపీ తీయించుకుంటారు. చెబుతున్నప్పుడు నాకేమీ అనిపించదు, నోరు దాని పని అది చేసుకుపోతుంది. అప్పుడప్పుడూ తన నంబరు తీసి చూసేదాన్ని. చేసి ఏమని చెప్పాలి? నీ ఆలోచన ఒకటి పొరపాటున నా దగ్గరికి వచ్చింది, పొరపాటు కాకుండా నా దగ్గరే ఉండిపోయింది అనా? ఫోన్ లోపల పెట్టేసేదాన్ని.

మొన్న వేసవి సెలవులకి ముందు, రెండో సంవత్సరం క్లాసులో అదే పాఠం చెబుతున్నాను. పడవ, తాడు దాకా వచ్చాను. బంటుమిల్లి వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకతి చెయ్యెత్తింది.

"మేడమ్, మీరు సముద్రం మీద పడవెక్కారా?"

"లేదమ్మా" అన్నాను.

"మరి మీకెలా తెలుసు మేడమ్? మా మావయ్య కూడా ఇట్టాగే అంటాడు. లోపలున్నప్పుడు అసలు భయమెయ్యదంట. ఒడ్డుకొచ్చాక కాళ్లు వణుకుతాయంట."

క్లాసు నవ్వింది, ఆ అమ్మాయి కూడా నవ్వింది. ఎవరూ తప్పుపట్టడానికి అడగలేదు. నేను మాత్రం చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపు తిరిగి, ఏం రాయాలో తెలియక, ఆ రోజు తేదీ మళ్లీ రాశాను. ఇరవయ్యేళ్లు లేని పిల్ల ఒక్కసారి విని పట్టుకున్నదాన్ని నేను రెండేళ్లు రైల్లో చదివి పట్టుకోలేకపోయాను. మా సార్‌ది ఏ ఊరో తెలిసి కూడా.

ఆ సాయంత్రం తనకి ఫోన్ చేశాను. ఆదివారం వస్తున్నానన్నాను. ఎందుకని అడగలేదు. "పొద్దున్నే బయల్దేరు. మధ్యాహ్నం నుంచి చేపలు తిప్పాలి, నీతో కూర్చోటానికి ఉండదు" అంది.

పామర్రు, కూచిపూడి, చల్లపల్లి. కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో సంచి, సంచిలో ఆ కాయితాల కట్ట. దారి పొడుగునా చెప్పాల్సినదాన్ని వాక్యాలుగా కూర్చుకుంటూ వచ్చాను. ముందు క్షమాపణ, తర్వాత జరిగింది, తర్వాత మళ్లీ క్షమాపణ. మోపిదేవి వచ్చేసరికి అదొక పాఠంలా తయారైంది. పులిగడ్డ దాటాక దాన్ని వదిలేశాను. నాగాయలంకలో దిగి ఆటో మాట్లాడుకుంటూ తిరుగు బస్సు ఎన్నింటికని అడిగాను. నాలుగింటికి ఒకటుంది, తర్వాత చాలాసేపు లేదన్నారు.

తను పెద్దగా మారలేదు. ఎండకి నల్లబడింది, చేతులు ముదిరాయి. వాళ్లమ్మ కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, "గుడివాడ అమ్మాయివి నువ్వేనా? సంతకం అమ్మాయివి?" అని నవ్వింది. ఆ ఇంట్లో నన్ను అలా గుర్తుపెట్టుకున్నారు. నెత్తళ్ల పులుసు వేసి అన్నం పెట్టారు. ఆకలిగా ఉంది, తిన్నాను. ఆ తర్వాత ఇద్దరం ఇంటి వెనక ఇసకలోకి వెళ్లాం. పాత వలలు పరిచి వాటి మీద నెత్తళ్లు ఆరబోసి ఉన్నాయి. వేలెడంత చేపలు, వేలకి వేలు. పొద్దు వాలేలోగా అన్నిటినీ రెండో వైపుకి తిప్పాలి. తను బోర్లించిన గంప మీద కూర్చుని తిప్పడం మొదలెట్టింది. నేను సంచిలోంచి కాయితాల కట్ట తీసి ఇచ్చాను. కూర్చుకున్న వాక్యం ఒక్కటీ నోటికి రాలేదు.

"ఏంటే ఇది?" అంది చీరకి చేతులు తుడుచుకుంటూ.

"నీ నోట్సు. మా నాన్న తీసిన కాపీ."

తను పేజీలు తిప్పింది. పడవ దగ్గర ఆగింది. పైకి చదివింది, మెల్లగా, బడిలో చదివినట్టు. చదివి కాయితం ఒళ్లో పెట్టుకుని సముద్రం వైపు చూసింది.

"సార్ ఎంత బాగా చెప్పారే" అంది. "మా పడవల సంగతి ఆయనకి ఎట్టా తెలుసంటావు?"

"ఆయనకి తెలియదు. అది ఆయన చెప్పలేదు."

"మరి?"

"నువ్వు రాశావు. పెన్సిల్‌తో. కాపీలో తేడా తెలియట్లేదు, అంతే."

తను నా మొహం చూసింది, కాయితం చూసింది, లేచి ఇంట్లోకి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన పొడుగు నోట్సు ఉంది. తేమకి అట్ట ఉబ్బిపోయింది. తెరిస్తే పెన్ను రాతలు అలాగే ఉన్నాయి. పెన్సిల్ రాతలు ఎదుటి పేజీకి అంటుకుని, రుద్దుకుపోయి, బూడిద పూసినట్టున్నాయి. ఉన్నాయని తెలిస్తే తప్ప కనపడవు. తను వేలితో వెతుక్కుంటూ, పక్కన నా కాయితం పెట్టుకుని, ఒక్కో మాటా పోల్చి చూసింది.

"ఔనే" అంది. "నాదే. సార్ ప్రశ్న వేసి వదిలేసేవారుగా. నాకు ఊరుకోబుద్ధయ్యేది కాదు. తప్పయితే చెరిపేద్దామని పెన్సిల్‌తో రాసుకునేదాన్ని. ఎప్పుడన్నా సార్‌కి చూపిద్దామనుకున్నా. చూపించలా."

"వైవాలో అడిగారు, ఇది ఎవరిదని" అన్నాను. "నాదని చెప్పాను."

కాకి ఒకటి వల మీద వాలితే తను కర్ర విసిరింది. కర్ర తెచ్చుకుని మళ్లీ కూర్చుంది.

"ఎందుకే?"

"తెలియదు. అడిగారు, అవునన్నాను."

"మార్కులెన్ని?"

"తొంభై ఒకటి."

"నూటికా?"

"నూటికి."

"ఆ ఉద్యోగం దీంతోనేనా?"

"దీంతోనే."

తను ఇంకా గబగబా చేపలు తిప్పింది.

"తిట్టవే" అన్నాను.

"తిడతాలే, ఆగు. ఇయ్యాళ్టితో అయిపోయేది కాదది. ముందు ఇది చెప్పు. సార్ ఇది చదివారా?"

"రెండుసార్లు చదివారు."

"తప్పనలా?"

"అనలేదు. ఆ ప్రశ్నకి తనకి జవాబు తెలియదన్నారు. ఆ మార్కులు దీనికే వచ్చాయి. నేను రాసినదానికి కాదు."

"అయితే తప్పులు కావన్నమాట" అంది తను.

నాకు చెప్పలేదు. తనకి తానే చెప్పుకుంది. అప్పుడు వేసింది నాకు సిగ్గు. నాలుగేళ్లుగా రావాల్సినప్పుడు రానిదంతా ఒక్కసారే వచ్చింది. నేను మార్కులు తీసుకున్నాననీ, ఉద్యోగం తీసుకున్నాననీ అనుకుంటూ వచ్చాను. ఈ మాట తనకి చేరకుండా ఆపింది నేనని అప్పటిదాకా అనుకోలేదు. నాలుగేళ్ల కిందట ఫోన్‌లో 'మామూలువే' అనకుండా ఉంటే ఆ రోజే తనకి తెలిసేది. ఏడుపొచ్చింది. తను చూసింది, ఓదార్చలేదు.

"పెన్నుందా?" అంది.

సంచిలోంచి తీసి ఇచ్చాను. తను నోట్సు మోకాలి మీద పెట్టుకుంది. నా కాయితాలు ఎగిరిపోకుండా వాటి మీద చెప్పు పెట్టింది. చెరిగిపోయిన పెన్సిల్ గీత మీద పెన్ను ఆనించి మొదటి అక్షరం దిద్దింది. దిద్దుతూ పైకి చదువుతోంది. ఒక్కోచోట ఆగి, "ఇది సార్‌ది" అని వదిలేస్తోంది. ఒక్కోచోట, "ఇది నాది. ఇదీ నాదే" అని వంగుతోంది.

"నెత్తళ్లు తిప్పాలే" అంది తల ఎత్తకుండా.

"నేను తిప్పుతాలే."

నాకు ఆ పని రాదు. రెండు తిప్పితే ఒకటి విరిగేది. తను ఒకసారి చూసి, "తోక పట్టుకో" అని మళ్లీ చదువులో పడింది. ఖాళీ వల దగ్గరికి వచ్చింది. చేతికి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత. దిద్దాక మరోసారి చదువుకుని, అక్కడ లేని వాక్యం ఒకటి కొత్తగా కింద రాసింది. అది పైకి చదవలేదు.

ఫోన్ తీసి టైము చూశాను. మూడున్నర. నాలుగింటికి బస్సు. స్టాపుకి ఆటోలో పావుగంట.

"నీ బస్సు తప్పిపోద్దే" అంది తను.

"తెలుసు. నువ్వు చదువు" అన్నాను, పక్క వల దగ్గరికి జరిగి కూర్చుంటూ.